వెళ్లిపోతానన్న బిడ్డను 47 రాత్రులు ఎందుకు ఉంచుకున్నారు? - ఎన్నారై వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరమిది. మొదటి మూడింటికీ ఇంతవరకు జవాబు రాలేదు. మూడోది నేనే పట్టుకొచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేషీలో కూర్చుని ఇచ్చి వెళ్లాను. "చూస్తాం పెద్దాయనా" అన్నారు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన మా అబ్బాయి సంగతి అర్జీల్లో అంతా రాశాను. ఫీజు కట్టలేక ఒక సెమిస్టర్ మానేశాడు, స్టూడెంట్‌గా అక్కడ ఉండే స్టేటస్ పోయింది. తప్పు మావాడిదే, కాదనను. ఒకరోజు రోడ్డు మీద కారు ఆపి పట్టుకున్నారు. రెండో రోజే వాడు చెప్పేశాడు, "ఇండియా వెళ్లిపోతాను, టికెట్ నేనే కొనుక్కుంటాను" అని. ఇక్కడ నేను డబ్బు కూడా సర్దాను. అయినా 47 రాత్రులు ఒక ప్రైవేటు డిటెన్షన్ సెంటర్లో, అంటే కంపెనీ నడిపే నిర్బంధ కేంద్రంలో, ఉంచారు.

ఎందుకని నేను అడగని మనిషి లేడు. లాయరు "ప్రాసెస్ అండీ" అన్నాడు. తర్వాత కూర్చుని చదివితే నాకు అర్థమైంది. అమెరికాలో ఇమిగ్రేషన్ కస్టడీలో ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ప్రైవేటు కంపెనీలు నడిపే సెంటర్లలోనే ఉంటారు. అందులో జియో గ్రూప్, కోర్‌సివిక్ పెద్దవి, రెండూ స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు. మనిషికి రోజుకు ఇంత అని ప్రభుత్వం కడుతుంది. కొన్ని కాంట్రాక్టుల్లో మంచం ఖాళీగా ఉన్నా కట్టాల్సిందే. నేను ఎరువుల కొట్లో ముప్పై ఏళ్లు పద్దులు రాసినవాణ్ని. తలకు రోజుకు 150 డాలర్లు వేసుకున్నా 47 రోజులకు 7,050 డాలర్లు. నేను మాట్లాడిపెట్టిన హైదరాబాద్ టికెట్ ధర అందులో ఆరో వంతు లేదు. వదలాలా వద్దా అన్నది కంపెనీ చేతిలో ఉండదని నాకూ తెలుసు. కానీ లాడ్జి నడిపేవాడు గది ఖాళీ కావాలని కోరుకుంటాడా చెప్పండి! మావాడికి తప్ప అక్కడ ఇంకెవరికీ తొందర లేదు.

పైగా చట్టాలు బిగుసుకున్న కొద్దీ వాళ్లకు గిరాకీ పెరుగుతోంది. 2024 నవంబరులో ఎన్నికల ఫలితం తేలగానే ఆ రెండు కంపెనీల షేర్లు ఒక్కరోజులో ఎగబాకాయి. ట్రంప్ ప్రమాణ స్వీకార వేడుకలకు చెరో 5 లక్షల డాలర్ల విరాళం ఇచ్చాయి. 2025 జనవరి 29న లేకెన్ రైలీ చట్టం వచ్చింది. పత్రాలు లేని మనిషి మీద షాపులో దొంగతనం ఆరోపణ వస్తే చాలు, నేరం రుజువు కాకముందే నిర్బంధించాలి. జులై 4న ఇంకో చట్టం మీద సంతకం పెట్టి, నిర్బంధ కేంద్రాల కోసమే 4,500 కోట్ల డాలర్లు కేటాయించారు. న్యూజెర్సీలోని న్యూఅర్క్‌లో డెలానీ హాల్ అనే వెయ్యి మంచాల సెంటర్‌కు జియోతో 15 ఏళ్ల కాంట్రాక్టు కుదిరింది, దాని విలువ సుమారు 100 కోట్ల డాలర్లు. ఆ రాష్ట్రంలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పాలా? పదిహేనేళ్ల పాటు ఆ మంచాల మీద ఎవరు పడుకోవాలి?

మావాడి ఫోన్ కోసం మా ఆవిడ రాత్రంతా మేలుకుని ఉండేది. ముందు ఇంగ్లీషులో రికార్డింగ్ వచ్చేది. ఏడో తరగతి చదివిన మనిషి, ఏ మాట తర్వాత ఏ నంబరు నొక్కాలో బట్టీ పట్టింది. పదిహేను నిమిషాలకు కట్. ఫోన్ ఖాతాలో డబ్బు వేద్దామంటే మన కార్డు తీసుకోదు, అక్కడున్న వాడి ఫ్రెండ్‌ని బతిమాలాలి. "రాత్రి కూడా లైట్లు ఆర్పరమ్మా, కళ్ల మీద టవల్ కప్పుకుని పడుకుంటున్నా" అన్నాడు ఒకరోజు. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో కూడా హాల్లో లైటు ఆర్పనివ్వలేదు ఆవిడ.

వంటగదిలో గిన్నెలు కడిగితే రోజుకు ఒక డాలరు ఇచ్చేవాళ్లట. ఇలాంటి డాలరు పని మీదే వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో కేసు నడిచింది. కనీస వేతనం ఎగ్గొట్టినందుకు నిర్బంధితులకు 1.73 కోట్ల డాలర్లు చెల్లించాలని 2021లో జ్యూరీ జియోకు చెప్పింది. అక్కడ ఒక రాష్ట్రమే కోర్టుకెళ్లి కొట్లాడింది సార్. మన బిడ్డల కోసం మన రాష్ట్రం కనీసం ఒక ఉత్తరమైనా రాయకూడదా?

2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు మీరు మరిచిపోయి ఉండరు. అమెరికా ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీ పెట్టి పిల్లల్ని పట్టుకుంటే, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. అప్పుడు ఢిల్లీ నిరసన తెలిపింది, వాషింగ్టన్ డీసీలోని మన ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు కదా! పట్టుబడిన మనిషి కోరితే అతని దేశపు కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా చెప్పాలని 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణంలోనే ఉంది. ఆ హక్కు ఉందని మావాడికి ముప్పయ్యో రోజున పక్క మంచం కుర్రాడు చెబితే తెలిసింది.

పెద్ద కోరికలేమీ కాదు. ఆ సెంటర్లలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఢిల్లీని అడిగి లెక్క చెప్పండి. తిరిగొస్తానన్నవాడికి ప్రయాణ పత్రం రోజుల్లో అందేలా చూడండి. వీసా చేతికొచ్చిన రోజే ఆ కాన్సులేట్ హక్కు సంగతి తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ముందు ఫోన్ ఎత్తే మనిషిని ఒకర్ని పెట్టండి సార్, దండం పెడతాను.

మావాడు ఇంటికొచ్చేశాడు. ఆ పక్క మంచం కుర్రాడు, మన జిల్లావాడే, ఇంకా అక్కడే ఉన్నాడు. వాళ్లమ్మ రోజూ నాకు ఫోన్ చేస్తుంది. ఆవిడ నంబరు నా దగ్గరుంది. మీ పేషీ నుంచి ఎవరు అడిగినా, ఏ వేళకైనా ఇస్తాను.

ఇట్లు,
ఒక తండ్రి