చిన్న మొత్తాల దావాల కోర్టు రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే, లాయర్ లేకుండానే, తక్కువ ఫీజుతో మీ కోర్టుకు రావచ్చు. ఈ సంగతి చాలామంది అద్దెదారులకు తెలియదు. తెలిసి వచ్చినవాళ్లు కూడా ఫారం దగ్గరే తడబడుతున్నారు.

ముఖ్యంగా ప్రతివాది పేరు రాసే గడి దగ్గర. అద్దె తీసుకునేది మేనేజర్, ఇల్లు వేరొకరి పేరిట, ఒప్పందంలో ఇంకేదో కంపెనీ. ఎవరి పేరు రాయాలి? అది తప్పితే కేసు గెలిచినా డబ్బు రాబట్టడం గగనం. అద్దె ఒప్పందం, ఆస్తి రికార్డు రెండూ చూసి రాయమని ఆ గడి పక్కనే ముద్రించండి.

సాక్ష్యాల గురించీ ముందే చెప్పాలి. గోడ రంగు వెలవడం మామూలు వాడకం, తలుపు పగలడం నష్టం. ఈ తేడా తేల్చేది చేరిన రోజు, వదిలిన రోజు తీసిన ఫోటోలే. ఫోన్‌లో ఎన్నిసార్లు అడిగినా రుజువు ఉండదు కాబట్టి, గడువు పెట్టి ఉత్తరం రాసి నకలు దాచుకోమనండి.

అన్నిటికన్నా బాధాకరం తీర్పు తర్వాతి సంగతి. కోర్టు డబ్బు వసూలు చేసి ఇస్తుందనుకుని జనం ఎదురుచూస్తుంటారు. అమలుకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలని వాళ్లకు ఎవరూ చెప్పరు. తీర్పు కాపీతో పాటే ఆ దరఖాస్తు కూడా చేతికివ్వండి.

ఇట్లు,
ఒక అద్దెదారు