ఎర్ర మచ్చ పంపి మొహం చాటేసిన కంపెనీకి

మేనేజర్ గారికి,

ఎంగిలిపూల బతుకమ్మ మర్నాడు మీ క్యాంపులో రొమ్ము క్యాన్సర్ పరీక్ష అని కెమెరాతో తీసిన థర్మల్ స్కాన్ రిపోర్టు నా ఫోన్‌కు వచ్చింది. ఎడమ రొమ్ము మీద ఎర్ర మచ్చ, కింద ‘హై రిస్క్’ అని రెండు మాటలు. ఎవరిని కలవాలో ఒక్క ముక్క లేదు.

గునుగు పూలకు రంగు అద్దుతూ, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మీ కస్టమర్ కేర్‌కు చేశాను. ఇరవై నిమిషాలు మ్యూజిక్కే. చివరికి ఎత్తిన అబ్బాయి పేరు, పుట్టిన తేదీ రాసుకుని ‘48 గంటల్లో డాక్టర్ గారు కాల్ చేస్తారు మేడమ్’ అన్నాడు. చేయలేదు. మూడో రోజు ఎత్తిన అమ్మాయి దగ్గర నా ఫిర్యాదే లేదు. మళ్లీ పేరు, మళ్లీ పుట్టిన తేదీ. హనుమకొండ సెంటర్‌లో అడగమంది. అక్కడికి పోతే కౌంటర్‌లో ఉన్నతను తలెత్తకుండానే ‘హైదరాబాద్ ఆఫీస్‌కు చేయండి’ అన్నాడు. హైదరాబాద్ వాళ్లు మళ్లీ కస్టమర్ కేర్ నంబరే ఇచ్చారు. సద్దుల రోజు పొద్దున ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్! ఎవరు పరిష్కరించారు? ఆ సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర అందరూ పాడుతుంటే నాకు గొంతు పెగల్లేదు.

మా ఆడబిడ్డ తీసుకుపోయి మమోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, చేయించింది. దేవుడి దయ, ఏమీ లేదు. ఆ డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది: ఆ కెమెరా చూసేది చర్మం మీది వేడినే. మచ్చ ఎర్రగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు, లేనంత మాత్రాన భయం లేదనీ కాదు. మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 1982లో దీన్ని వేరే పరీక్షకు తోడుగానే ఒప్పుకుంది, మమోగ్రామ్ బదులు వాడొద్దని 2019లో కూడా హెచ్చరించింది. మీరేమో నొప్పి లేదు, రేడియేషన్ లేదు, మమోగ్రామ్ అక్కర్లేదు అని చెప్పి ఫీజు తీసుకున్నారు.

మూడేళ్లుగా మీ క్యాంపుకు వస్తున్నాను. మా మహిళా సంఘం నుంచి పదకొండు మందిని నేనే వెంటబెట్టుకొచ్చాను. వాళ్లకు నీలం, పచ్చ రంగులొచ్చాయి, ధీమాగా ఉన్నారు. వాళ్లలో ఒకామెకు రెండు నెలలుగా చంకలో గడ్డ తగులుతోందట. మీ రిపోర్టు చూసుకుని ఊరుకుంది!

నా డబ్బుల సంగతి తర్వాత. ఆమెను రేపు నేనే ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. మిగతా పది మందికి మీ డాక్టరే ఫోన్ చేసి, ఈ స్కాన్‌ను నమ్ముకుని ఉండొద్దని చెప్పాలి. వారంలో ఆ ఫోన్లు రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, మీ క్యాంపు పెట్టిన ప్రతి ఊరికీ పోయి ఇదంతా చెప్తాను.

ఇట్లు,
మీ మూడేళ్ల కస్టమర్, హనుమకొండ