షుగర్ పుస్తకంలో బరువు గడి ఏది?

సంపాదకుడు గారికి,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లోకి 104 బండి వచ్చిన రోజున పెద్దవాళ్లకు షుగరు, బీపీ చూసి మాత్రలిస్తారు. బరువు తూచడం మాత్రం చాలాచోట్ల మొక్కుబడే. తూచినా, పోయిన నెల ఎంతుందో షుగర్ పుస్తకం తిరగేసి చూసేవారుండరు. షుగర్ ఉన్న ముసలివాళ్లలో పోషకాహార లోపం ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఇదే.

షుగరొస్తే అన్నం మానేయాలన్న నమ్మకం మన దగ్గర పాతుకుపోయింది. రాత్రి అన్నంతోపాటు పప్పూ, కూరా కూడా పోతాయి. వాటికి బదులు గ్లాసుడు చోడి (రాగి) జావ. చోళ్లు మంచివే, కాల్షియం దండిగా ఉంటుంది. కానీ గ్లాసు జావలో పడేది రెండు పెద్ద చెంచాల పిండి, అంటే 20 గ్రాములు. అందులో మాంసకృత్తులు గ్రామున్నర, శక్తి 65 కేలరీలు. పైగా మెత్తటి పిండిని పల్చగా కాస్తే షుగరు తొందరగానే పెరుగుతుంది. పిల్లలు హైదరాబాదుకో చెన్నైకో వలసపోయిన ఇళ్లలో కొందరికి రెండు పూటలా ఈ జావే తిండి.

ఇలా తినేవారి రీడింగు చూస్తే ముచ్చటగా ఉంటుంది. కండ కరిగిపోతున్న సంగతి ఆ అంకె చెప్పదు. తిండి సగమైపోయినా గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మునుపటి మోతాదులోనే వేసుకుంటే రాత్రివేళ షుగర్ 70 కిందికి జారిపోవచ్చు. మూత్రపిండాలు బలహీనమైతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. చెమటలు, తూలడం, పొంతనలేని మాటలు కనిపిస్తే పెద్దతనమని సరిపెట్టుకుంటారు. స్పృహ ఉండి మింగగలిగితే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూడాలి. మెట్‌ఫార్మిన్ అనే మరో షుగర్ మాత్రదీ ఒక చిక్కుంది: కొందరికి ఆకలి చంపేస్తుంది, ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గుతుంది. కాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ ఖాతాలో రాసేయకూడదు, బి12 లోపమూ కారణం కావచ్చు.

లోపాన్ని పట్టుకోవడానికి తూకం మిషనూ, దర్జీ టేపూ చాలు. ఆరు నెలల్లో బరువు నూటికి ఐదు వంతులు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కు దిగితే, తేలిగ్గా తీసుకోవద్దు. మనిషిని కూర్చోబెట్టి, మోకాలు మడిచి, పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట టేపు బిగించకుండా చుట్టాలి. 31 సెంటీమీటర్ల లోపుంటే కండ తగ్గినట్టే. కాళ్లకు నీరు పట్టినవారిలో మాత్రం ఈ కొలతా, బరువూ రెండూ మోసం చేస్తాయి. బరువు తగ్గినవారిలో పళ్లు, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ చూడాలి. రెండు వారాలు మించి దగ్గుంటే కళ్లె పరీక్ష తప్పనిసరి, షుగర్ ఉన్నవారికి క్షయ ముప్పు రెండు మూడింతలు.

తిండి సంగతి. పెద్ద వయసులో కిలో బరువుకు రోజుకు ఒకటి నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి ఇది కష్టం కాదు: మూడు పూటలకూ కలిపి 200 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పో ఉలవలో, రెండు గుడ్లు, పాలూ పెరుగూ కలిపి 400 మిల్లీలీటర్లు, 30 గ్రాముల వేరుశనగ గుళ్లు. ఇంచుమించు 58 గ్రాములు వచ్చేస్తాయి. పప్పూ కూరా ముందు తిని, అన్నం తర్వాత తింటే షుగర్ అంత ఎగబాకదు. పళ్లు లేనివారికి గుడ్డు పొరటు, మెత్తగా ఎనిపిన పప్పు, గుళ్ల పొడి. మెత్తళ్లు (చిన్న ఎండు చేపలు) మంచివే, వేడినీళ్లలో రెండుసార్లు కడిగితే ఉప్పు కొంత పోతుంది.

కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఈ లెక్క గుడ్డిగా పాటించవద్దు. అక్కడ మూత్రపిండాల జబ్బు ఎక్కువ. ముందు క్రియాటినిన్ చూపించాలి. జబ్బుండి డయాలసిస్ దాకా రానివారికి కిలోకు 0.8 గ్రాముల దగ్గర ఆపుతారు, డయాలసిస్ మొదలైతే మళ్లీ పెంచుతారు. 'కిడ్నీకి పప్పు పడదు' అని డయాలసిస్‌లో ఉన్నవారికి కూడా కడుపు మాడ్చడం చూస్తుంటే బాధేస్తుంది.

అంగన్‌వాడీలో గర్భిణులను తూచే మిషన్ ఊళ్లోనే ఉంది. నెలకోసారి షుగర్ ఉన్న పెద్దలను కూడా దానిమీద నిలబెట్టి, బరువును వాళ్ల పుస్తకంలోనే రాయించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం. ఐదు శాతం తగ్గినవారిని, వేసుకునే మాత్రల సంచీతో సహా, ఊరికి వచ్చిన డాక్టరు ముందు కూర్చోబెట్టే పని ఆశా కార్యకర్తకు అప్పగించాలి. మోతాదు తగ్గించాలో వద్దో అక్కడే తేలుతుంది.

ఇట్లు
వైద్య, పోషకాహార సేవల్లో ఉన్న కొందరు,
శ్రీకాకుళం