తెరచాపను తోసేది వెలుగు, సౌర పవనం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పుటలో సౌర తెరచాప మీద, అంటే అంతరిక్ష నౌకను ఇంధనం లేకుండా నడిపే పలుచటి చాప మీద వ్యాసం వచ్చింది. తెలుగులో ఇలాంటి విషయం రావడమే అరుదు కనుక ఆశగా చదివాను. కానీ బొమ్మ కింద ‘సూర్యుడి నుంచి వీచే సౌర పవనం తెరచాపను నెడుతుంది’ అని వేశారు. అది తప్పు.

సౌర పవనం అంటే సూర్యుడి నుంచి వెలువడే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్ల ప్రవాహం. భూమి దగ్గర దాని తోపు, వెలుగు తోపులో వెయ్యో వంతు కూడా ఉండదు. వెలుగు రేణువైన ఫోటానుకు ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం ఉంటుంది, అందుకే తగిలినదాన్ని నెడుతుంది. అద్దంలాంటి చాపకు తగిలి వెనక్కి మళ్లితే తోపు రెట్టింపవుతుంది.

జపాను 2010లో పంపిన సౌర తెరచాప నౌక ఇకారోస్‌నే చూడండి. ఒక్కో పక్క 14 మీటర్లున్న చాప, మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా లేదు. దాని మీద పడిన తోపు మన అరచేతిలో గ్రాములో పదో వంతు బరువంత. అయినా మూడు వందల కిలోల పైచిలుకు నౌకను అది కదిలించింది. ఇంధనం అయిపోయేది కాదు, తోపు ఆగేది కాదు. అసలు సంగతి అదే.

మన ఇన్‌శాట్‌-2 ఉపగ్రహాలకు సౌర ఫలకం ఒక్క వైపే ఉండేది. దాని మీద పడే వెలుగుకు ఉపగ్రహం పక్కకు తిరిగిపోకుండా, రెండో వైపు పొడవాటి కాడ చివర చిన్న తెరచాప అమర్చారు. వ్యాసంలో ఆ ముక్క ఉంటే మన పిల్లలకు ఎంత దగ్గరగా ఉండేదో!

ఇంత పట్టుదల ఎందుకంటే ఇలాంటి తప్పే నేనూ చేశాను. మా బడి ప్రయోగశాలలో క్రూక్స్ రేడియోమీటరు ఉండేది. గాజు బుడ్డిలో నాలుగు రేకులు, ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. ఎండలో పెడితే గిర్రున తిరిగేవి. వెలుగు తోపుకే తిరుగుతున్నాయని ఏళ్ల తరబడి చెప్పాను. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి బుడ్డికి ముఖం ఆనించి చూసి, ‘‘మాస్టారూ, వెలుగు వెనక్కి మళ్లేది తెల్ల వైపు కదా, తోపు అక్కడే ఎక్కువ పడాలి. మరి నల్ల వైపు వెనక్కి పోతోందేమిటండీ?’’ అని అడిగింది. నిజమే. నల్ల వైపు ఎక్కువ వేడెక్కడం వల్ల బుడ్డిలో మిగిలిన కాస్త గాలి రేకులను తిప్పుతుంది. మర్నాడే తరగతిలో ఆ మాట చెప్పాను. అప్పటికే బడి దాటి వెళ్లిపోయిన పిల్లలకు మాత్రం చెప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సవరణను వచ్చే ఆదివారం అదే పుటలో, అదే బొమ్మతో వేయండి. లోపలి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేస్తే పిల్లలు చూడరు. తప్పు అచ్చయిన మీ ఆదివారం పుట మా ఊరి బడి గోడ మీద ఇంకా అంటించే ఉంది.

— విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి