మిగిలిపోయినవాళ్ల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 10న మన ఊళ్లో జరిగిన ఆత్మహత్యల నివారణ దినం ర్యాలీ గురించి మర్నాడు మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. అది చదివిన రోజే రాద్దామని కూర్చుని రెండుసార్లు కాగితం పక్కన పెట్టేశాను. ప్లకార్డులు పట్టుకున్న పిల్లలు, జెండా ఊపిన అధికారులు, వాళ్ల ప్రసంగాలు అన్నీ రాశారు. మంచిదే. కానీ రోడ్డు పక్కన నిలబడి ఆ ర్యాలీ చూసినవాళ్లలో, ఇంట్లో మనిషిని అలా పోగొట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో ఎవరికైనా తట్టిందా? నేనూ అక్కడే ఉన్నాను. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా వెళ్లిపోయాడు. నాలుగేళ్లయింది.

2022లో తెలంగాణలో 9,980 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8,908 మంది ఇలా పోయారని జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క. ఇంటికి నలుగురని వేసుకున్నా, ఒక్క ఏడాదిలో రెండు రాష్ట్రాల్లో డెబ్బై అయిదు వేల మంది మిగిలిపోయారు. వాళ్ల గురించి ఆ రోజు మైకులో ఒక్క మాట వినపడలేదు.

మా ఇంటికి ఎవరెవరు వచ్చారో చెబుతాను. ముందు పోలీసులు వచ్చారు. కేసు రాయాలి, పంచనామా, పోస్టుమార్టం జరగాలి, అది చట్టం, కాదనను. కానీ ఠాణాలో ఒకాయన మా ఆవిడను "ఇంట్లో ఏమన్నా తిట్టారా?" అని మూడుసార్లు అడిగాడు. నాలుగేళ్లుగా ఆమె ఆ ప్రశ్నకే జవాబు వెతుక్కుంటోంది. తర్వాత విలేకరులు. మర్నాడు ఒక పత్రికలో "తల్లిదండ్రులు మందలించారని" అంటూ హెడ్డింగు, పక్కన మావాడి ఫొటో. ఇలాంటి వార్తలు ఎలా రాయకూడదో ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది, ఫొటోలు వేయొద్దనీ చెప్పింది. అది చదివిన విలేకరి మా జిల్లాలో ఒక్కరైనా ఉన్నారా? ఇక చుట్టాలు. కర్మ అన్నవాళ్లున్నారు, జాతకం అడిగినవాళ్లున్నారు. పదకొండో రోజు భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఆ తర్వాత శుభకార్యాలకు పిలుపులు తగ్గాయి. మా అమ్మాయికి వచ్చిన రెండు సంబంధాలు ఈ సంగతి తెలిశాక ఆగిపోయాయి.

పదమూడో రోజు ఒకావిడ వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లాడి తల్లి, పరకాల వైపు పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆమె భర్త కౌలుకు పత్తి వేసి, అప్పులపాలై పోయాడు. పట్టాదారు పాసుపుస్తకం లేదు కాబట్టి రైతుబీమా రాలేదు. రైతు ఆత్మహత్యలకు 194 జీవో కింద ఇవ్వాల్సిన ఆరు లక్షల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, కౌలు కాగితం లేదని చెప్పించుకుని వచ్చింది. ఆమె మా గుమ్మంలో చెప్పులు విడిచి, అక్కడే ఉన్న మావాడి చెప్పుల జతను పక్కకు జరపకుండా దాటి లోపలికొచ్చింది. అంతవరకు వచ్చినవాళ్లంతా వాటిని తీసేయమన్నవాళ్లే. కూర్చుని "పిలగాని పేరేంది సారూ?" అని అడిగింది. పదమూడు రోజుల్లో వాడి పేరు మా ముందు ఎవరూ ఎత్తలేదు. చెప్పాను. "మంచిగున్నది పేరు" అంది. తర్వాత వంటింట్లో మా ఆవిడ పక్కన పీట వేసుకుని, "మా ఆయనకు పచ్చిపులుసంటే పాణం. ఏడాది దాంక చెయ్యలే నేను. ఏడువక్కా, నాకాడ ఏడిస్తే ఏం కాదు" అంది. ఆ రోజు మా ఆవిడ కడుపునిండా అన్నం తింది.

ఆమె చేసిన ఆ పని చేయడానికి డిగ్రీ అక్కర్లేదు, ఆ దెబ్బ తిని ఉండాలి. ఇప్పుడు మేం తొమ్మిది మందిమి. నెలకోసారి కూర్చుంటాం. ఎలా పోయారని ఎవరూ అడగరు. కొత్తగా వచ్చినవాళ్లు ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. పోయినవాళ్ల పుట్టినరోజు ఎవరికి ఎప్పుడో గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తాం. మేం డాక్టర్లం కాదు. నిద్ర పట్టక, బతుకు మీద ఆశ పోయినవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళతాం, మానసిక బాధలో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 పక్కన కూర్చుని మేమే కలిపిస్తాం.

ఇది ఓదార్పు మాత్రమే అనుకునేవారికి ఒక సంగతి. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో మూడు వేల మందికి పైగా యువతీయువకులపై చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఆత్మీయులు హఠాత్తుగా సహజ కారణాలతో పోయినవారికంటే, ఆత్మహత్యతో పోయినవారి దగ్గరివాళ్లు తామూ ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించడం 65 శాతం ఎక్కువని అందులో తేలింది. మరి నివారణ ఎక్కడ మొదలవ్వాలి? మదురైలో నందిని మురళి గారు భర్తను ఇలాగే కోల్పోయాక, తనలాంటివారి కోసం బయటికొచ్చి పనిచేస్తున్నారు. మన దగ్గర ప్రతి జిల్లా ఆసుపత్రి మార్చురీ బయట, బెంచీ మీద కూర్చున్న మనిషి చేతికి "మీలాంటివాళ్లు ఇక్కడున్నారు" అని ఒక చీటీ ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

మేం అడిగింది ఒక్క గది. కమ్యూనిటీ హాలు నెలకు రెండు గంటలు ఇమ్మని అర్జీ పెట్టి అయిదు నెలలైంది. మొదటిసారి సంఘం రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు. రెండోసారి సారు మీటింగులో ఉన్నారన్నారు. మూడోసారి, "అలాంటి పనులకు ఇస్తే తర్వాత పెళ్లిళ్లకు ఎవరూ తీసుకోరు" అని గుమస్తా మొహం మీదే చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పాను. ఒక అర్జీకి రాతపూర్వకంగా జవాబివ్వడం కూడా ఆఫీసుల్లో ఎప్పుడు మానేశారో నాకు తెలియదు. అదే ఆఫీసు వాళ్లు ఆ ర్యాలీలో ముందు వరసలో నడిచారు.

ప్రస్తుతానికి మా ఇంటి డాబా మీదే, రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి కలుస్తున్నాం. "నేటి కార్యక్రమాలు" శీర్షికలో రెండు లైన్లు వేయండి. చిరునామా, ఫోన్ నంబరు విడిగా పంపుతున్నాను. పేరు చెప్పకుండా వచ్చినా కూర్చోవచ్చని అందులో తప్పకుండా రాయండి.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ