చీటీలు పక్కన పెట్టి రోమా పన్నెండు చదువు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నేను వార్డులో ఉన్నాను. "ప్రార్థన చేద్దాంలే" అని పెట్టేశాను గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో నేను సగం మాటలు మింగేస్తానని నీకు తెలుసు కదా, అందుకే కాగితం తీసుకున్నాను.

పుణె ఉద్యోగానికి పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలన్నావు. మూడు రోజులు ఉపవాసం ఉన్నానన్నావు. బైబిలు వచనాల చీటీలుండే వాగ్దానాల పెట్టెలోంచి చీటీ తీస్తే ఒకరోజు "వెళ్లుము" అని, మర్నాడు "ఊరకుండుడి" అని వచ్చిందన్నావు. "దేవుని చిత్తం ఏంటో నాకెందుకు చెప్పడం లేదమ్మా?" అని అడిగావు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 1999లో, నువ్వు పుట్టకముందు, నేను గల్ఫ్ వెళ్లి నర్సుగా చేద్దామనుకున్నాను. ఆ ఏడాది జనవరి ఒకటి ఆరాధనలో నాకొచ్చిన వాగ్దానం కార్డు మీద అబ్రాహాముకి దేవుడు చెప్పిన మాట ఉంది: "నీవు లేచి నీ దేశమునుండియు నీ బంధువుల యొద్దనుండియు..." అది చదవగానే ఒళ్లు జలదరించింది. ఇంకేముంది, దేవుడే చెప్పాడనుకున్నాను. మీ అమ్మమ్మ వద్దంది, మీ నాన్న ఆలోచిద్దామన్నాడు. ఎవరి మాటా వినలేదు. గొలుసు, గాజులు తాకట్టు పెట్టి ఒక ఏజెంటు చేతిలో డబ్బు పోశాను. వీసా రాలేదు. మూడు నెలలకి ఆ ఏజెంటూ లేడు.

అప్పు తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. దానికంటే దేవుడే నన్ను మోసం చేశాడన్న కోపం ఎక్కువ బాధపెట్టింది. చర్చికి వెళ్లేదాన్ని, పాట వచ్చేది కాదు. చాలా కాలం తర్వాత అర్థమైంది. వెళ్లాలని ముందే నిర్ణయించేసుకున్నాను. ఆయన్ని అడిగింది సంతకం మాత్రమే. వచనం అబద్ధం కాదు, అది అబ్రాహాముతో అన్న మాట. నా కోరికకి అతికించుకున్నది నేను.

ఇప్పుడు బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక, పన్నెండో అధ్యాయం తియ్యి. రెండో వచనం నీకు సండే స్కూల్ నుంచి కంఠస్థమే: "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక, ఉత్తమమును, అనుకూలమును, సంపూర్ణమునై యున్న దేవుని చిత్తమేదో పరీక్షించి తెలిసికొనునట్లు మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి." నోటికి వచ్చేసిన వచనాన్ని మనం చూడడం మానేస్తాం తల్లీ. ఈసారి వరస చూడు. మొదటి వచనంలో పౌలు మీ శరీరాల్ని సజీవ యాగంగా సమర్పించుకోండి అన్నాడు. తర్వాత మనస్సు మారాలన్నాడు. తెలుసుకోవడం ఆ తర్వాతే. మనం దీన్ని తిరగేసి అడుగుతాం. ముందు ఏం చెయ్యాలో చెప్పు ప్రభువా, నచ్చితే సమర్పించుకుంటాను అంటాం. నేను 1999లో అడిగింది అలాగే. నీది కూడా అదేనని నేను అనను, నీ మనసు నాకు కనపడదు. నువ్వే ఒకసారి చూసుకో.

"రూపాంతరము" అన్న మాట కొండ మీద శిష్యుల ముందు యేసయ్య రూపం మారిన చోట కూడా ఉంది, మార్కు తొమ్మిదిలో. మూలభాష గ్రీకులోనూ రెండుచోట్లా అదే క్రియ. పైగా పౌలు "పొందుడి" అన్నాడు, మీ అంతట మీరు చేసుకోండి అనలేదు. ఆయన చేస్తాడు, మనం ఆయన చేతికింద ఉండాలి. నా మటుకు ఈ మాట దగ్గరే చాలా టెన్షన్ తగ్గింది.

మనస్సు మారడమంటే ఏంటి అంటావేమో. నా పనిలోంచి చెప్తాను. నేను కొత్తగా చేరినప్పుడు పిల్లలకి సెలైన్ పెట్టాలంటే చేతులు వణికేవి. విరేచనాలతో ఎండిపోయి వచ్చిన పసిపిల్లకి నరం కనపడదు. లైటు దగ్గరకి లాగి చూసేదాన్ని, రెండుసార్లు గుచ్చేదాన్ని, బిడ్డ తల్లి నావైపు చూసే చూపు తట్టుకోలేకపోయేదాన్ని. అప్పట్లో మా సీనియర్ సిస్టరు నా వేలు పట్టుకుని ఆ పాప చేతి మీద ఆనించింది. "కళ్లతో వెతక్కు, వేలితో విను" అంది. నాకేమీ తెలియలేదు. రోజూ అలాగే ఆనించేది. ఎన్ని నెలలు పట్టిందో గుర్తులేదు. ఒకరోజు చర్మం కింద మెత్తగా, నొక్కితే తిరిగి పైకి లేస్తున్నట్టు ఏదో తగిలింది. పసుప్పచ్చ క్యాన్యులా, అంటే నరంలోకి ఎక్కించే సన్నటి గొట్టం, లోపలికి పోనిచ్చాను. వెనక గొట్టంలో ఎర్రగా రక్తం చుక్క కనపడింది. ఇప్పుడైతే వేలు పెట్టగానే తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందని కొత్తపిల్లలు అడిగితే చెప్పలేను. నరం మొదటిరోజు కూడా అక్కడే ఉంది, తేడా వచ్చింది నా వేలికి.

హెబ్రీ పత్రిక అయిదో అధ్యాయం చివర్లో ఇదే ఉంది: "అభ్యాసముచేత మేలు కీడులను వివేచించుటకు సాధకముచేయబడిన జ్ఞానేంద్రియములు". ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఆ సిస్టరు చెయ్యి గుర్తొస్తుంది.

అభ్యాసం అంటే మన ఇంట్లో నువ్వు చూసిందే. తెల్లారి నాలుగున్నరకి వంటగదిలో లైటు, బల్ల మీద బైబిలు, స్టవ్ మీద టీ. చాలా రోజులు ఏమీ జరగదు. చదివి మూసేసి డ్యూటీకి పోతాను. కానీ ఒకరోజు, అప్పు ఇంకా సగం మిగిలి ఉండగా, మత్తయి ఆరులో ప్రభువు ప్రార్థన దగ్గర ఆగిపోయాను. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము". పుట్టినప్పటి నుంచి చెప్తున్న ప్రార్థన. ఋణస్థులంటే నాకు బాకీ ఉన్నవాళ్లు. ఆ ఏజెంటు! పేపరు మీద లెక్కతో సహా నా ఋణస్థుడు. ఆ పొద్దున టీ పొంగి స్టవ్ ఆరిపోయిందాకా ఏడ్చాను. పోలీసు కంప్లైంటు వెనక్కి తీసుకోలేదు, అది వేరే సంగతి, ఇంకొకరు మోసపోకూడదు కదా. కానీ ఆ మనిషి నాశనమైపోవాలన్న కోరిక ఆ రోజు నన్ను వదిలింది. మనస్సు మారడమంటే నాకు తెలిసింది ఇంతే.

హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ముందురోజు రాత్రి డ్యూటీకి వెళ్లినదాన్ని సోమవారం సాయంత్రం దాకా ఇంటికి రాలేదని నువ్వు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కిటికీ అద్దాలు పగిలి వార్డులోకి వాన కొడుతుంటే మంచాలు వరండాలోకి లాగాం. పొద్దున రావాల్సినవాళ్లు చెట్లు పడి రాలేకపోయారు. పైబట్ట తడిసిపోయిన ఒక ముసలాయన నా చెయ్యి వదల్లేదు. నువ్వూ నాన్నా ఎలా ఉన్నారో తెలియదు, ఫోన్లు పోయాయి. అంత భయంలోనూ ఉండాలా వెళ్లాలా అని నేను గుర్తు అడగలేదు. అడగాలని తోచలేదు. ఉండాలని తెలుసు. అదే 1999లో అయితే చీటీ తీసేదాన్నేమో.

మనం తెలుగులో చదువుకునే సువార్తలకి మన ఊరితో చుట్టరికం ఉంది. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే మన మనిషి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. అచ్చయింది 1812లో, బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో. వాళ్లు పుస్తకం కళ్లారా చూడలేదు. వన్‌టౌన్ మీదుగా బస్సులో పోతుంటే వాళ్లని తలుచుకుంటాను. ఆ రోజు వాక్యానికి సరైన తెలుగు మాట వెతకడం, మర్నాడు ఇంకో వాక్యం. ముందు ఏం జరుగుతుందో వాళ్లకీ చీటీ రాలేదు కదా.

బైబిల్లో గిద్యోను గొఱ్ఱెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా అన్నావు. దేవుడు అతనితో అప్పటికే మాట్లాడాడమ్మా. అతనికి నమ్మకం చాలలేదు, ఆయన ఓర్చుకున్నాడు. ఆ ఓర్పు చూసి ఆనందించు. పద్ధతి నేర్చుకోకు.

పుణె సంగతి. వెళ్లమనీ చెప్పను, వద్దనీ చెప్పను. రెండూ మంచివే అయి ఉండొచ్చు. నువ్వు ఒకటి ఎంచుకుంటే రెండోదాంట్లో దేవుడు దాక్కుని ఉంటాడన్న భయం వదిలెయ్యి. కొన్ని మాత్రం నిన్ను నువ్వు అడుగు. ఆ జీతం ఎందుకు కావాలి? తమ్ముడి ఫీజు కోసమా, పెదనాన్నగారి పిల్లలతో సమానంగా కనపడాలనా? "ఈ లోక మర్యాద" మన ఇళ్లలోకి చుట్టాల మాటల్లోనే వస్తుంది. ఆదివారం ఆరాధనకి వీలుంటుందా? నువ్వు తప్పు చేస్తే మొహం మీద చెప్పేవాళ్లు అక్కడ ఉంటారా? నాన్నతో మాట్లాడు, మన చర్చి అయ్యగారితో మాట్లాడు, నీతో ఎప్పుడూ ఏకీభవించని మీ అక్కతో కూడా మాట్లాడు. నేను మీ అమ్మమ్మ మాట వినలేదని చెప్పాను కదా.

ఇంకొకటి. రెండో వచనం దగ్గర ఆపెయ్యకుండా అధ్యాయం చివరిదాకా చదువు. దేవుని చిత్తం ఎలా ఉంటుందో పౌలు అక్కడ విడమర్చి రాశాడు. అందులో ఉద్యోగం మాట లేదు. "సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి" అని ఉంది. మీ రూములో అమ్మాయికి పోయిన నెల వాళ్లమ్మ పోయిందని, రాత్రుళ్లు అన్నం తినడం లేదని చెప్పావు. నీ టెన్షన్‌లో ఆ పిల్లని చూడడమే మానేశావేమో. ఇవాళ రాత్రి కంచం తీసుకుని దాని పక్కన కూర్చో. ముద్ద కలిపి పెట్టు, ఏడిస్తే ఏడవనివ్వు.

శనివారం నాకు నైట్ లేదు. తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, నాన్న కూడా ఉంటాడు. ఆ పిల్ల తిందో లేదో ముందు అది చెప్పు, పుణె సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ముద్దులతో,
అమ్మ