ఈసారి 216 మీద రండి

అమ్మలూ,

సంక్రాంతికి చెన్నై నుంచి కారులోనే వస్తున్నామని, సగం దూరం నువ్వే నడుపుతావని చెప్పావు. ఎంత సంతోషంగా ఉందో! మీ నాన్నగారికి లోపల కాస్త టెన్షన్ ఉంది గానీ పైకి చెప్పరు. విజయవాడ మీదుగా పెద్ద హైవేలో వస్తే తొందరగా చేరిపోతామన్నావు కదా, దాని గురించి నాకో మాట ఉంది. ఫోన్లో పిల్లల గొడవలో తీరిగ్గా చెప్పడం కుదరదని రాస్తున్నాను.

ఒంగోలు దగ్గర పెద్ద హైవే వదిలేసి 216 నంబరు జాతీయ రహదారి ఎక్కండి. చీరాల, బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం, కాకినాడ మీదుగా కత్తిపూడి దాకా వెళ్లే రోడ్డు అది. మొత్తం దాదాపు 390 కిలోమీటర్లు. మన ముమ్మిడివరం దాని మీదే కాబట్టి దారి తప్పే భయం లేదు. ఊళ్లకి బైపాస్‌లు పడ్డాయి గానీ, పొలం మాత్రం చాలాచోట్ల ఇంకా రోడ్డుని ఆనుకునే ఉంటుంది. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్లూ పొలం గట్ల మీద తిరిగినదాన్ని. నా మనవలు ఆ పొలాలని ఒక్కసారైనా పగటి వెలుగులో చూడాలని నా కోరిక.

చీరాలకి ముందు వేటపాలెం వస్తుంది. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. టైముంటే చూడండి, లేకపోతే జీడిపప్పు కొనుక్కుని కదిలిపోండి. బాపట్లలో మాత్రం ఆగాలి. నేను చదువుకున్న వ్యవసాయ కాలేజీ ఊరని అనడం లేదు. నువ్వు చెన్నైలో వండుకునే సాంబ మసూరి ఉంది చూడు, ఆ వంగడం పుట్టింది అక్కడే. బాపట్ల వరి పరిశోధన కేంద్రం దాన్ని 1986లో విడుదల చేసింది. రైతులు ఇప్పటికీ బీపీటీ అనే అంటారు. బీపీటీ అంటే బాపట్లే. దేశంలో ఎన్ని కోట్లమంది ఆ అన్నం తిన్నారో తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. పెద్దాడికి ఈ సంగతి నువ్వే చెప్పు, వాడికి అన్నీ ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవాలని ఉంటుంది.

బాపట్ల దాటాక రేపల్లె దాకా పొలాలు జాగ్రత్తగా చూడండి. వరి కోసేసిన మాగాణిలో మోళ్ల మధ్య పచ్చగా కనబడేది మినుము. దాన్ని దున్ని వెయ్యరు. కోతకి రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, తడి నేల మీద గింజలు చల్లేస్తారు. నేలలో మిగిలిన తడితో, రాత్రి కురిసే మంచుతో అది పండుతుంది. రెండో వరికి కృష్ణ నీళ్లు చాలవు కాబట్టి రైతులు ఆ మిగిలిన తడిని వాడుకోవడం నేర్చుకున్నారు. కోత మిషన్లు వచ్చాక మొలకలు నలిగిపోతున్నాయని చాలామంది మొక్కజొన్నకి మారారు, అది కూడా దారి పొడుగునా కనబడుతుంది. అయినా నాకు మినుము చేను కనబడితే ఉన్న ఆనందం వేరు.

పెనుమూడి దగ్గర కృష్ణ మీది వారధి ఎక్కితే అవతల పులిగడ్డ, దివిసీమ. అక్కడ కాసేపు ఆగి, 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి పిల్లలకి చెప్పండి. వేలమంది ఒక్క రాత్రిలో పోయారు. అదే నేల మీద మళ్లీ వరి పండించారు. ఉప్పునీళ్లు ముంచిన భూమిని మళ్లీ సాగులోకి తెచ్చుకోవడం అంటే ఏమిటో ఈ ఉద్యోగం చేసినవాళ్లకి తెలుసు.

మచిలీపట్నం, పెడన దాటి కృత్తివెన్ను వైపు వచ్చేసరికి చెరువులు మొదలవుతాయి. ఉప్పుటేరు దాటాక మొగల్తూరు, నరసాపురం చుట్టూ కూడా అవే. రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటే పిల్లలు ముచ్చట పడతారు, పడనివ్వండి. నా మనసు మాత్రం అక్కడ బరువెక్కుతుంది. రొయ్య మీద ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి, కాదనను. కానీ ఒక్క చెరువు తవ్వితే ఉప్పు పక్క చేలోకి ఊరుతుంది. ఆ చేనాయన రెండేళ్లు దిగుబడి లేక తనూ చెరువే తవ్విస్తాడు. అలా వరుసగా పొలాలు పోవడం నా కళ్లతో చూశాను. ఊరంతా కలిసి హద్దు పెట్టుకోవాల్సిన సంగతిని ఒక్కొక్క రైతు నెత్తిన వదిలేశామని నాకు బాధ.

పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కితే వశిష్ఠ గోదావరి. అవతల మన కోనసీమ. నీ చిన్నప్పుడు ఇక్కడ వంతెన లేదు, రేవులో పంటు ఎక్కి దాటేవాళ్లం. ఇక్కడ ఒక్కసారి పొద్దున చూసిన మినుము చేలని గుర్తు చేసుకోండి. అక్కడ నీళ్లు లేని పొలం, ఇక్కడ కాలవ నిండా నీళ్లు. రెండో వరి పంట దాళ్వాకి దమ్ము చేసి నాట్లు వేస్తూ ఉంటారు. ఎండాకాలం పంటకి గోదావరిలో నీళ్లు తగ్గితే సీలేరు నుంచి వదిలిన నీళ్లు ఆదుకుంటాయి. కాటన్‌దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి కాకపోయి ఉంటే ఇవేవీ లేవు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఎంటీయూ 1010 అనే వరి వంగడానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టింది. రైతులు ఆయన రుణం తీర్చుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తోచదు.

ఇంత నీరున్న కోనసీమలోనే 2011లో రైతులు వానాకాలం పంట సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. పూడిపోయిన డ్రెయిన్లు, పెరిగిన ఖర్చులు, గిట్టని ధర. నీరుంటే చాలదని ఆ ఏడు అందరికీ తెలిసొచ్చింది. దారిలో పచ్చదనం చూసి మురిసిపోయేటప్పుడు దాని వెనక ఉన్న ఈ లెక్క కూడా అల్లుడుగారికి చెప్పు. ఆయన అడిగి తెలుసుకునే మనిషి.

పాసర్లపూడి దగ్గర 1995లో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. రాత్రిళ్లు ఆ వెలుగు డాబా మీద నుంచి చూసి నువ్వు నా చీర పట్టుకుని వదిలేదానివి కాదు. అది దాటితే వైనతేయ వంతెన, బోడసకుర్రు, అమలాపురం. ఇక ఇల్లే.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం వెళ్దాం. దేవుళ్లని నిలిపి అలంకరించిన ప్రభలని పచ్చని చేలల్లోంచి మోసుకెళ్తారు. పైరు నలిగినా రైతులు బాధపడరు, దేవుడు తమ చేలో నడిచాడనుకుంటారు.

216 చాలావరకు రెండు వరసల రోడ్డే, చీకట్లో వెనక లైట్లు లేని ట్రాక్టర్లు వస్తాయి. అందుకని ఒక్క రోజులో రావొద్దు. ఒంగోలులో మీ పిన్నితో మాట్లాడాను, ఆ రాత్రి వాళ్లింట్లో పడుకోండి. ఆరింటికల్లా బయలుదేరితే మధ్యలో ఎన్నిసార్లు ఆగినా చీకటి పడేలోపు వచ్చేస్తారు. పులిహోర కట్టిస్తానంది. చిన్నదానికి కారం పడదని నేను ముందే చెప్పాను, నువ్వు మళ్లీ చెప్పనక్కర్లేదు.

మీ అమ్మ